సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కొనే ముందు: కాగితం చెప్పేదీ, ఇనుము చెప్పేదీ

పోయిన దీపావళికి ముందు, టెక్కలిలో ఉండే మా బావతో కలిసి ఒక ఎస్‌యూవీ చూడటానికి వెళ్లాను. తెల్లటి బండి, నాలుగేళ్ల వయసు, మీటర్ మీద 46 వేల కిలోమీటర్లు. తలుపు తీయగానే సెంటు వాసన గుప్పుమంది. "డాక్టర్ గారి బండి బాబూ, ఇంకేటీ చూడక్కర్లేదు" అన్నాడు అమ్మే మనిషి. నేను వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. మామూలుగా ఎప్పుడూ బయటికి రాని ఆఖరి జానెడు పట్టీ మీద ఎండిపోయిన బురద చార కనిపించింది. మా బావ అప్పటికే అడ్వాన్సు కోసం 50 వేలు జేబులో పెట్టుకుని వచ్చాడు. ఆ డబ్బు అలాగే ఇంటికి తిరిగొచ్చింది.

అప్పటి నుంచి చుట్టాల్లో ఎవరు పాత బండి కొంటున్నా నన్ను తోడు రమ్మంటున్నారు. నేను మెకానిక్‌ని కాను. నేను పట్టుకున్న పద్ధతి ఒక్కటే. బండి చరిత్ర రెండు చోట్ల రాసి ఉంటుంది: కాగితాల మీద, ఇనుము మీద. రెండూ ఒకే మాట చెప్పాలి. ఎక్కడ తేడా వచ్చినా అక్కడ ఆగి అడగాలి. ముందు కాగితం, తర్వాత ఇనుము, ఆఖరున మెకానిక్ చూపు. డబ్బు బయటికి తీయడం ఆ మూడూ అయ్యాకే. మొదటిసారి చూడటానికి వెళ్లేటప్పుడు అడ్వాన్సు డబ్బు వెంట తీసుకెళ్లకండి. జేబులో డబ్బుంటే మనసు తొందరపడుతుంది.

ముందు ఇంట్లో తేల్చుకోవాల్సింది

నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, ఎక్కడ తిరుగుతారు? విజయనగరంలో ఇంటి నుంచి బడికి, బడి నుంచి మార్కెట్‌కి, ఎప్పుడో ఒకసారి రామతీర్థానికి అయితే డీజిల్ జోలికి పోవద్దని నా సలహా. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కాలుష్య ప్రమాణం) డీజిల్ బండ్లలో, పొగలోని మసిని పట్టుకునే డీపీఎఫ్ అనే ఫిల్టరు ఉంటుంది. అందులో చేరిన మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బండి కాసేపు ఆగకుండా ఓ మోస్తరు వేగంతో నడవాలి. రెండేసి కిలోమీటర్లు తిరిగి ఆగిపోయే బండికి ఆ వీలు దొరకదు. ఫిల్టరు పూడుకుపోతుంది, డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, ఖర్చు మొదలవుతుంది. పలాస నుంచి విశాఖకు వారానికి రెండుసార్లు వెళ్లి వచ్చేవారికి మాత్రం అదే డీజిల్ చక్కగా నప్పుతుంది.

మధ్య సైజు ఎస్‌యూవీల్లో మన దగ్గర ఎక్కువగా అమ్మకానికి వచ్చేవి క్రెటా, సెల్టోస్, స్కార్పియో, ఎక్స్‌యూవీ 500, హారియర్, హెక్టర్, డస్టర్. ఏ మోడల్ అయినా దాని ప్రత్యేకమైన బలహీనత ఏమిటో ముందే తెలుసుకుని వెళ్లండి. ఉదాహరణకి డస్టర్ డీజిల్ ఇంజిన్‌కి, పిస్టన్లూ వాల్వులూ లయ తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్టు ఉంటుంది. అది మార్చిన బిల్లు చూపించకపోతే మార్చలేదనే లెక్క వేసుకోవాలి. నడుస్తుండగా తెగితే పిస్టన్లు వాల్వులకు తగిలి ఇంజిన్ పాడైపోతుంది. టర్బో పెట్రోల్ సెల్టోస్, క్రెటాల్లో డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్) గేర్‌బాక్స్ ఉంటే, ట్రాఫిక్‌లో పాకుతున్నప్పుడు కుదుపు వస్తోందా అన్నది అసలు పరీక్ష.

ఏడు సీట్ల బండి అయితే ఇంట్లో పెద్దవాళ్లను కూడా ఒకసారి ఎక్కించి దింపండి. మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఎక్కలేని ఎత్తు బండి, ఎంత బాగున్నా ఆ ఇంటికి పనికిరాదు. భద్రత సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. మన దేశంలో కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా ఆపేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ 2019లో తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు తయారైన బండ్లలో కింది వేరియంట్లకు ఇవి లేకుండా కూడా ఉండొచ్చు. పిల్లలతో తిరిగే బండికి ఈ రెండూ లేకపోతే ధర ఎంత తక్కువైనా వదిలేయండి.

కాగితాలు: సగం పని ఫోన్‌లోనే

అమ్మే మనిషిని ముందుగా సీ బుక్కు (ఆర్సీ), ఇన్సూరెన్స్ పాలసీ, సర్వీసు బిల్లుల ఫొటోలు పంపమనండి. పంపడానికి వెనకాడితే వెళ్లాల్సిన పనే లేదు.

బండి నంబరును పరివాహన్ సైట్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ కొట్టి చూడండి. రిజిస్ట్రేషన్ తేదీ, ఇంధనం, ఇన్సూరెన్స్ గడువు, ఫైనాన్స్ ఉందా లేదా అన్నవి తెలుస్తాయి. ఆర్సీ మీద ఎన్నో ఓనరో ఉంటుంది. "సింగిల్ ఓనర్" అన్న మాటను దానితో పోల్చండి. తయారీ నెలకూ రిజిస్ట్రేషన్ తేదీకీ ఏడాది దాకా తేడా ఉంటే ఆ బండి షోరూమ్ యార్డులో నిలబడిపోయిందన్నమాట. వయసు తయారీ నెల నుంచే లెక్కపెట్టండి. రవాణా వాహనంగా తిరిగి, పసుపు ప్లేటు నుంచి తెల్ల ప్లేటుకి మారిన బండ్లు కూడా వస్తుంటాయి. అరకు ట్రిప్పులు వేసిన బండి నాలుగేళ్లలో మామూలు కుటుంబం పదేళ్లు తిరిగినంత తిరిగి ఉండొచ్చు.

ఇన్సూరెన్స్ పాలసీని చాలామంది గడువు తేదీ వరకే చూస్తారు. నేను నో క్లెయిమ్ బోనస్ గడి చూస్తాను; క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు అది. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి అది 20, 25, 35, 45, 50 శాతంగా పెరుగుతుంది. అయిదేళ్ల బండి పాలసీలో అది సున్నా ఉందంటే, నిరుటి ఏడాదిలో క్లెయిమ్ వెళ్లి ఉండొచ్చు, లేదా మధ్యలో చాలాకాలం పాలసీ ఆగిపోయి ఉండొచ్చు. "ఏం తగిలింది? ఎక్కడ రిపేరు చేయించారు? బిల్లేదీ?" అని అడగడానికి మీకు ఆధారం దొరికినట్టే. బంపరు గీత అయితే ఫర్వాలేదు. జవాబు తడబడితే ఆ బండి ఇనుమును రెట్టింపు జాగ్రత్తగా చూడాలి.

మీటర్ వెనక్కి తిప్పడం కొత్త సంగతి కాదు. కంపెనీ సర్వీసు సెంటర్‌లో బండి నంబరు చెప్పి, ఓనర్ ఒప్పుకోలుతో సర్వీసు చరిత్ర అడగండి; ప్రతిసారీ అప్పటి కిలోమీటర్లు నమోదై ఉంటాయి. దానితోపాటు నేను ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ చూపించమంటాను. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మీదుగా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి మీద మడపాం, నాతవలస లాంటి టోల్‌గేట్లు ఉన్నాయి. "ఊళ్లోనే తిప్పాం" అన్న బండికి రోజూ నాతవలస దాటిన పద్దులుంటే ఆ మాటకు విలువ లేదు. చిన్న కాగితమే, కానీ దాన్ని దిద్దాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

ఫైనాన్స్ బండి అయితే లోన్ తీరినట్టు బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 ఉండాలి. "లోన్ క్లియర్ అయిపోయింది, కాగితం వచ్చేస్తుంది" అన్నవారికి, కాగితం వచ్చాకే మాట్లాడదామని చెప్పండి. చలానాలు కూడా ఆన్‌లైన్‌లో చూడొచ్చు. బాకీలుంటే అమ్మేవారే కట్టాలి.

సరిహద్దు అవతలి బండి

మనకు ఒడిశా పక్కిల్లు. ఇచ్ఛాపురం దాటితే బరంపురం, పాతపట్నం దాటితే పర్లాకిమిడి, పార్వతీపురం అవతల రాయగడ. ఓడీ 07, ఓడీ 20, ఓడీ 18 నంబర్ల బండ్లు అక్కడి నుంచే వస్తాయి, కొంచెం చవగ్గా కూడా కనిపిస్తాయి. ఆ చవకలో అసలు ఖర్చు దాగి ఉంటుంది. వేరే రాష్ట్రం బండిని మన దగ్గర 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని చట్టం. దానికి అక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ కావాలి, మన రాష్ట్రంలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. కొనే ముందే మన రవాణా శాఖ ఆఫీసులో ఆ ట్యాక్స్ ఎంతవుతుందో కనుక్కుని, బండి ధరకు కలిపి చూడండి. ఎన్‌ఓసీ తెచ్చే బాధ్యత అమ్మే మనిషిదేనని మాట అనుకుని, అది చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి.

ఇనుము: పగటి వెలుతురులో, చల్లటి బండి

ఉదయం ఎనిమిది, తొమ్మిది గంటలకు వెళ్లండి. వాన పడుతున్నా, అప్పుడే కడిగి తడిగా ఉన్నా పెయింటు తేడాలు కనిపించవు. ముందు రోజే ఫోన్ చేసి, "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే స్టార్టింగ్ కష్టాన్ని దాచడానికి ముందే వేడెక్కించారేమో అన్న అనుమానం ఉంచుకోవాలి.

పక్కకు వంగి, బండి పొడవునా వెలుతురు పడేలా చూడండి. టింకరింగ్ చేసి పుట్టీ పెట్టిన చోట అద్దంలో నీడ వంకరపోయినట్టు ఉంటుంది. పల్చటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి తలుపుల మీద, డిక్కీ మీద ఆనించండి. పుట్టీ మందంగా ఉన్న చోట పట్టు సడలుతుంది. బంపర్లు ప్లాస్టిక్, వాటి మీద ఈ పరీక్ష పనిచేయదు. ఎవరి దగ్గరైనా పెయింట్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. కంపెనీ పెయింటు సాధారణంగా 100, 150 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒక్క తలుపు మీద 400 చూపిస్తే అక్కడ పని జరిగింది.

గీతలకు పెయింటు వేయించడం తప్పు కాదు. మన ఊళ్లలో ఎడ్లబండో ఆటోనో రాసుకోని కారు అరుదు. భయపడాల్సింది బండి ఎముక, అంటే లోపలి ఇనుప చట్రం, దెబ్బతింటేనే. బానెట్ ఎత్తి, రేడియేటర్‌ను పట్టుకుని ఉండే అడ్డపట్టీ చూడండి. కంపెనీ వెల్డింగు చుక్కలు వరుసగా, ఒకే దూరంలో ఉంటాయి. చేత్తో చేసిన వెల్డింగు గరుగ్గా, వంకరగా తెలుస్తుంది. ఫెండరు, బానెట్ బోల్టుల మీద పెయింటు చెదిరి పానా గుర్తులుంటే అవి ఊడదీసినవే. తలుపుల రబ్బరు పట్టీ కొంచెం లాగి, స్తంభాల మీద అతుకులున్నాయేమో చూడండి. డిక్కీ అడుగున మ్యాటు ఎత్తి, స్టెప్నీ గుంటలో ముడతలున్నాయేమో వెతకండి. వెనక నుంచి గుద్దుకున్న బండి అక్కడే బయటపడుతుంది. కిందకు వంగి చాసిస్ కూడా చూడండి. చాసిస్ నంబరును ఆర్సీలో ఉన్నదానితో ఒక్కో అక్షరం సరిపోల్చండి. అంకెల చుట్టూ గీకుడు, కొత్త పెయింటు ఉంటే అక్కడితో ఆపేయండి.

ఉప్పు, వరద, కొబ్బరి చెట్టు

ఇది మన ప్రాంతానికి ప్రత్యేకం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో బయట నిలిపిన బండిని ఉప్పుగాలి కింది నుంచి తింటుంది. పైన నిగనిగలాడుతూ ఉన్నా అడుగున సైలెన్సర్ పైపు, సస్పెన్షన్ చేతులు, బ్రేక్ పైపులు, తలుపుల కింది అంచులు తుప్పు పట్టి ఉంటాయి. ఫోన్ టార్చ్ వేసి చూడండి. పైపైన గోధుమ రంగు పొర పర్వాలేదు. స్క్రూడ్రైవర్ వెనక పక్కతో మెల్లగా తడితే పొరలు రాలుతుంటే వద్దు. అడుగంతా కొత్తగా నల్ల పూత వేసి ఉంటే, దాని కింద ఏముందో అడగాలి.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరాన్ని తాకింది. అలాంటప్పుడు బండ్ల మీద చెట్లు కూలతాయి. అందుకే ఆ ఏళ్లకు ముందు ఈ జిల్లాల్లో ఉన్న బండి అయితే పైకప్పు చూడటం మర్చిపోకండి. ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. ఒక స్టూలు అడిగి, ఎక్కి, అరచేత్తో పైకప్పంతా తడమండి. సన్‌రూఫ్ ఉంటే తెరిచి మూసి, దాని అంచు కాలువలోకి గ్లాసుడు నీళ్లు పోసి, అవి కిందికి దిగిపోతున్నాయో లోపల కారుతున్నాయో చూడండి.

వరద నీటిలో మునిగిన బండి అన్నిటికంటే ప్రమాదం. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలు మునిగాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకు చెన్నై మునిగింది. అలా మునిగిన కార్లను శుభ్రం చేసి, ఆ సంగతి తెలియని దూరపు ఊళ్లలో అమ్మే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మనకూ వంశధార, నాగావళి పొంగే కాలాలున్నాయి. సీటు బెల్టు పరీక్ష మొదట చెప్పాను. అన్ని సీట్లకూ చేయండి. తర్వాత ముందు సీట్ల కింద పట్టాలూ బోల్టులూ చూడండి, తివాచీ మూల ఎత్తి వాసన చూడండి, ఫ్యూజుల డబ్బా మూత తీయండి, హెడ్‌లైట్ల లోపల చెమ్మ గీత ఉందేమో చూడండి. మునిగిన బండి ఆ రోజు నడుస్తుంది. ఆరు నెలలకు వైర్ల కొనల్లో పచ్చటి చిలుము పట్టి, ఒకరోజు పవర్ విండో, ఒకరోజు ఏబీఎస్ లైటు, చివరికి ఎయిర్‌బ్యాగ్ అన్నీ ఒక్కొక్కటిగా పోతాయి. ఎంత తక్కువకు ఇచ్చినా అలాంటి బండిలో పిల్లల్ని కూర్చోబెట్టకూడదు. ఈ విషయంలో నేను బేరానికే ఒప్పుకోను.

ఇంజిన్ దగ్గర

తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు చూడండి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్ లైట్లు వెలగాలి. ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లకు ఆరిపోతుంది. ఇంజిన్ లైటు స్టార్ట్ అయ్యాక ఆరాలి. ఆరకపోతే లోపం. అసలు వెలగకపోతే ఇంకా పెద్ద అనుమానం: పేలిపోయిన ఎయిర్‌బ్యాగ్ కొత్తది వేయకుండా లైటు కనెక్షన్ తీసేసి ఉండొచ్చు.

చల్లగా ఉన్నప్పుడే కూలెంట్ డబ్బా, ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. కూలెంట్‌లో నూనె తేలుతున్నా, ఆయిల్ మూత అడుగున పాలమీగడ లాంటి నురగ ఉన్నా హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్‌లో ఆయిలూ కూలెంటూ కలవకుండా ఆపే పొర) సంగతి తేల్చుకోవాలి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం ఎప్పుడూ తీయకండి, ముఖం కాలిపోతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. నీలం పొగ అంటే ఆయిల్ కాలుతోంది. ఆగకుండా వచ్చే తెల్ల పొగ, తీయటి వాసన అంటే కూలెంట్ లోపలికి పోతోంది. డీజిల్ బండి రేసు చేసినప్పుడు కొద్దిగా నల్ల పొగ మామూలే, గుప్పుగుప్పున వస్తే ఇంజెక్టర్లో టర్బోనో చూపించాలి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి పైనే ఉంచండి. కొంచెం వణికితే సరే. పొగ తన్నుతూ మూత ఎగిరిపడితే అదే మేస్త్రీలు చెప్పే బ్యాక్ కంప్రెషన్. ఇంజిన్ విప్పి బాగుచేయించే రోజు దగ్గర పడింది.

రోడ్డు మీద కనీసం ముప్పావు గంట

వీధి చివరిదాకా వెళ్లి వచ్చే టెస్ట్ డ్రైవ్‌తో ఏమీ తెలియదు. శ్రీకాకుళంలో అయితే ముందు ఏడు రోడ్ల జంక్షన్, డే అండ్ నైట్ జంక్షన్ రద్దీలో ఏసీ వేసి నడపండి. విజయనగరంలో మూడు లాంతర్లు, గంటస్తంభం వైపు. ఆగి ఆగి నడిచేటప్పుడు ఉష్ణోగ్రత ముల్లు పైకి పోకూడదు, ఏసీ చల్లదనం తగ్గకూడదు, వెనక సీటు ఏసీ కూడా రావాలి. క్లచ్ కాలికి గట్టిగా తగులుతున్నా, పూర్తిగా వదిలే దాకా బండి కదలకపోయినా క్లచ్ ప్లేటు అయిపోయిందని లెక్క.

అక్కడి నుంచి హైవే ఎక్కి, 80కి రానిచ్చి, ఖాళీగా ఉన్న చోట స్టీరింగ్ కాస్త వదులుగా పట్టుకోండి. బండి ఒక పక్కకు లాగకూడదు. వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే మోత వీల్ బేరింగ్‌ది. నాలుగో గేరులో 40 దగ్గర యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ఇంజిన్ గోల పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వెనక ఎవరూ లేరని చూసుకుని ఒకసారి గట్టిగా బ్రేకు వేయండి. తర్వాత ఏదైనా పల్లె దారిలోకి దించండి. స్పీడు బ్రేకర్ల మీద టక్ టక్ శబ్దం లింక్ రాడ్లు, బుష్‌లది. వాటికి పెద్ద ఖర్చు కాదు. అదే షాక్ అబ్జార్బర్లు నూనె కారుతుంటే నాలుగింటికీ ఖర్చు లెక్కేసుకోండి. సాలూరు, పాచిపెంట వైపు ఉండేవారైతే ఘాట్ రోడ్డు ఎక్కించి చూడటాన్ని మించిన పరీక్ష లేదు.

దిగాక టైర్ల పక్కన ఉండే నాలుగంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. మీటర్ 30 వేలు చూపిస్తూ, ఎప్పుడూ టైర్లు మార్చలేదంటున్న 2020 బండికి 2023 టైర్లుంటే లెక్క తప్పింది. ఒక టైరు ఒక పక్కే అరిగితే అలైన్‌మెంట్ దాటి లోపల ఏదో వంగి ఉండొచ్చు.

మేస్త్రీ, స్కానర్

ఇదంతా దాటిన బండినే మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లండి. అమ్మే మనిషి చెప్పిన షెడ్డుకు కాకుండా మీ షెడ్డుకు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పే పాత మేస్త్రీల మీద నాకు చాలా గౌరవం. కానీ ఈ కాలం ఎస్‌యూవీకి చెవితోపాటు స్కానర్ కూడా కావాలి. బండి కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ పెడితే దాగిన లోపాల కోడ్‌లు తెలుస్తాయి. కోడ్‌లు చెరిపేశాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చాలా బండ్లలో కనిపిస్తుంది. అది 5 కిలోమీటర్లు అని చూపిస్తే, మీరు వస్తున్నారని తెలిసి నిన్ననే చెరిపేశారన్నమాట. లిఫ్ట్ మీద ఎత్తించి అడుగు కూడా చూపించండి. మేస్త్రీకి ఆ శ్రమకు తగిన డబ్బు ఇవ్వండి.

బేరం, మార్పిడి

దొరికిన లోపాలన్నీ ఒక కాగితం మీద ఖర్చుతో సహా రాయండి: టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, బ్యాటరీ, సర్వీసు. గొంతు పెంచి బేరం ఆడేకంటే ఆ కాగితం చూపించి మాట్లాడితే ధర దిగుతుంది, మర్యాద కూడా నిలుస్తుంది. పాలసీలో ఉన్న ఐడీవీ, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ కట్టిన బండి విలువ, బేరానికి ఒక మొదలు.

డబ్బు బ్యాంకు ద్వారా ఇవ్వండి. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు మీ ఎదుటే జరగాలి, ఆర్సీలోని ఓనరే పెట్టాలి. కొనేవారి పేరు రాయకుండా 'ఓపెన్ సంతకాలు' పెట్టిన ఫారాలతో చేతులు మారుతున్న బండి తీసుకోవద్దు. బండి అప్పగించిన తేదీ, గంట, కిలోమీటర్లు రాసిన డెలివరీ నోట్ రెండు ప్రతులు చేసుకోండి. సొంత రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. ఇన్సూరెన్స్ కూడా 14 రోజుల్లో మీ పేరుకు మార్పించండి. అలా చేయకపోతే మీ బండికి జరిగిన నష్టానికి క్లెయిమ్ చేసేటప్పుడు ఇబ్బంది పడతారు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయన వెంటే పోతుంది, మీకు రాదు. ఆ తేడా ప్రీమియం ముందే లెక్కలో ఉంచుకోండి.

పాత ఓనర్ ఫాస్టాగ్ మూయించాకే మీ పేరు మీద కొత్తది తీసుకోగలరు, కాబట్టి డబ్బిచ్చే రోజే మూయించమనండి. రెండో తాళం చెవి కూడా ఆ రోజే అడిగి తీసుకోండి. "ఇంట్లో ఎక్కడో ఉంది, పంపిస్తాను" అంటే, దొరికేదాకా ఆగండి, లేదా కొత్త తాళం చేయించడానికి అయ్యే ఖర్చు ధరలో తగ్గించమనండి.